పైన మెట్టు, అడుగున పల్లం

నారు పోసినవాడు నీరు పోయడా అని సామెత. పోస్తాడు. మరీ పోస్తాడు. నా విషయంలో జరిగింది అదే.

సిరిమానోత్సవం అయిన వారంలో విజయనగరంలోని మా ఇంట్లో ఏటా ఒకటే పని. టమాటా, వంగ, క్యాబేజీ, కాలీఫ్లవర్ విత్తనాలు ప్రోట్రేల్లో, అంటే చిన్న చిన్న గడులున్న ప్లాస్టిక్ నారు ట్రేల్లో, వేసి హాల్లో తూర్పు కిటికీ పక్కన బల్ల మీద పెడతాను. దసరా వెళ్లాక వానలు తగ్గినట్టే ఉంటాయి కానీ మా వైపు ఆ మాట నమ్మడానికి లేదు. డాబా మీద పెడితే ఒక్క జడివానకి గడుల్లోని విత్తనాలన్నీ తేలి పక్క గడుల్లోకి, నేల మీదకి కొట్టుకుపోతాయి. అందుకని మొదటి మూడు వారాలూ నారు ఇంట్లోనే.

మొదటి ఏడాది నా నారు నీళ్లు చాలక చచ్చింది. రెండో ఏడాది నీళ్లు ఎక్కువై చచ్చింది. చిత్రమేమిటంటే రెండుసార్లూ నేను పాటించిన సలహా ఒకటే: పైన ఆరినట్టు కనిపించగానే కాస్త నీళ్లు చిలకరించు, ఎప్పుడూ తేమ తగ్గనివ్వకు. వీడియోల్లో అందరూ చెప్పేదే.

రెండేళ్లకీ తేడా ఒక్కటే ఉంది. మొదటి ఏడాది ఆన్‌లైన్‌లో తెప్పించిన పాటింగ్ మిక్స్ వాడాను. సంచి మీద పీట్ మాస్ అని రాసి ఉంది. రెండో ఏడాది నర్సరీలో అమ్మే కోకోపీట్ ఇటుక తెచ్చాను. రెండు పేర్లలోనూ పీట్ ఉంది. రెండూ గోధుమ రంగు పొట్టే. తడిపి చేతిలోకి తీసుకుంటే ఏది ఏదో చెప్పడం కష్టం. ఒకటి అయిపోతే రెండోది వాడుకోవచ్చనుకున్నాను. వాడుకోవచ్చు కూడా, నీళ్లు పోసే పద్ధతి మార్చుకుంటే.

అసలు పీట్ అనేది చలిదేశాల సరుకు. అక్కడి బురద నేలల్లో స్ఫాగ్నమ్ అనే నాచు పెరిగి, చచ్చి, నీళ్ల కింద గాలి తగలక పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లపాటు పేరుకుపోతుంది. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు. అంటే ఒక అడుగు మందం పీట్ తవ్వారంటే మూడు వందల ఏళ్ల సరుకు తవ్వినట్టు. ఎక్కువగా కెనడా నుంచి, బాల్టిక్ సముద్రం చుట్టుపక్కల దేశాల నుంచి వస్తుంది. సహజంగా బాగా పులుపు, పీహెచ్ 3.5 నుంచి 4.5 దాకా ఉంటుంది, పుల్లటి మజ్జిగతో సమానం. మొక్కలకి అంత పులుపు పడదు కాబట్టి సంచిలో నింపే ముందే సున్నపుపొడి కలుపుతారు. 1960ల్లో అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన బూడ్లీ, షెల్డ్రేక్ అనే ఇద్దరు పీట్‌లో వెర్మిక్యులైట్, పెర్లైట్ లాంటి తేలికపాటి ఖనిజాలు కలిపి మట్టి అక్కర్లేని మిశ్రమాలు తయారుచేశారు. తేలిక, శుభ్రం, ప్రతి సంచీ ఒకేలా ఉంటుంది. దాంతో అక్కడి నర్సరీలు చాలావరకు అటే మళ్లాయి. ఇంట్లో విత్తనాలు మొలిపించడం గురించి ఇంగ్లీషులో దొరికే సలహాల్లో చాలా భాగం ఆ పీట్ మిశ్రమాన్నీ, బయట మంచు, లోపల హీటరు ఉన్న ఇంటినీ మనసులో పెట్టుకుని చెప్పినవే. మనం వాటిని తెలుగులో విని, కోకోపీట్‌కి అతికించి, అక్టోబరు ఉక్కపోతలో పాటిస్తున్నాం.

కోకోపీట్ మనది. కొబ్బరి డొక్క నుంచి పీచు తీసేటప్పుడు పీచుకి పీచుకి మధ్య ఉన్న మెత్తటి పొట్టు రాలుతుంది కదా, అదే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు వెళ్తే కవిటి, సోంపేట, కంచిలి దారుల్లో కొబ్బరి చెట్టు లేని చూపు ఉండదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ తోటల్ని నేలమట్టం చేశాక కూడా అక్కడివాళ్లు మళ్లీ కొబ్బరే నాటుకున్నారు. ఈ పొట్టు ఒకప్పుడు పీచు తీసే చోట గుట్టలుగా పడి ఉండే చెత్త. ఇప్పుడు కడిగి, ఎండబెట్టి, ఇటుకలుగా నొక్కి అమ్ముతున్నారు. ఐదు కిలోల దిమ్మ నీళ్లలో వేస్తే పొంగి అరవై, డెబ్భై లీటర్ల పొట్టు అవుతుంది. పులుపు పీట్‌కన్నా చాలా తక్కువ, కాబట్టి సున్నం గొడవ లేదు.

నీటి విషయంలో ఈ రెండింటికీ ఉన్న అసలు తేడా ఎండినప్పుడు బయటపడుతుంది.

మొదటి ఏడాది నారు రెండాకుల మీద ఉండగా పాలకొండలో పెళ్లికి వెళ్లి మూడు రోజులకి తిరిగొచ్చాం. హాల్లో ఫ్యాను కట్టడం మర్చిపోయాం. వచ్చేసరికి మొక్కలు తలలు వేలాడేశాయి. గబగబా మగ్గుతో నీళ్లు పోశాను. అడుగు కన్నాల్లోంచి నీళ్లు కారాయి, పైన నల్లగా తడిసింది. హమ్మయ్య అనుకున్నాను. సాయంత్రానికి చాలా మొక్కలు మరి లేవలేదు. ఒక గడిని వేలితో అడుగు నుంచి తోసి బయటికి తీసి చూస్తే పైన అర సెంటీమీటరు తడి, లోపల ముక్కుపొడిలా ఎండు. పోసిన నీళ్లు ఎటు పోయాయి? గోడ పక్క నుంచి జారిపోయాయి.

పీట్ బాగా ఎండితే నీటిని తోసేస్తుంది. దానిలో మైనం లాంటి పదార్థాలు ఉంటాయి. తడిగా ఉన్నంతసేపూ వాటి ప్రభావం తెలియదు. పూర్తిగా ఎండేసరికి అవి ప్రతి రేణువు మీదా పూతలా పరుచుకుంటాయి. శనగపిండి గిన్నెలో ఒక్కసారి నీళ్లు పోసేస్తే ఏమవుతుందో వంటింట్లో చూసే ఉంటారు: పైన తడి చర్మం కట్టి లోపల పొడి ఉండలుగా మిగిలిపోతుంది. అచ్చం అలాగే. పైగా ఎండిన పీట్ ముడుచుకుని గడి గోడని వదిలేస్తుంది. ఆ సందులోంచి నీళ్లు నేరుగా కన్నం దాకా దిగిపోతాయి. కింద కారింది కదా, నిండుగా తడిసిందని మనం మోసపోతాం. కంపెనీలు మిశ్రమంలో తడిపే మందు కొంచెం కలుపుతాయి, కానీ సంచి పాతబడేకొద్దీ దాని పని తగ్గిపోతుంది.

ఆ స్థితికి వచ్చిన ట్రేకి పైనుంచి ఎన్ని మగ్గులు పోసినా దండగే. గోరువెచ్చటి నీళ్లు వెడల్పు పళ్లెంలో పోసి ట్రేని అందులో కూర్చోబెట్టాలి. నీళ్లు వెచ్చగా ఉంటే పీట్ తొందరగా లొంగుతుంది. తేలిపోతుంటే పక్కల ఏదైనా బరువు పెట్టాలి. పైభాగం దానంతటదే నల్లబడేదాకా, అరగంటో గంటో ఆగాలి. ఇంకా మంచిది ముందు జాగ్రత్త: పీట్‌ని ఎండుగా ట్రేల్లో నింపి తర్వాత తడపడం కాదు, బేసిన్‌లో పోసి వేడినీళ్లు చల్లుతూ చేత్తో పిండి కలిపినట్టు కలిపి, రాత్రంతా మూతపెట్టి, మర్నాడు నింపాలి. పిడికిట్లోకి తీసుకుని గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో నాలుగు చుక్కలు రావాలి. ధార కడితే నీళ్లు ఎక్కువ. పిడికిలి విప్పగానే పొడిగా రాలిపోతే తక్కువ. కోకోపీట్‌కీ ఇదే కొలత.

కోకోపీట్ ఇలా మొండికెయ్యదు. ఎంత ఎండినా, కాసిని నీళ్లు పోస్తే పీల్చుకుంటుంది. ఆ మంచితనమే దాని చిక్కు.

రెండో ఏడాది సంగతి. మా మేనత్తది గజపతినగరం దగ్గర పల్లె. నలభై ఏళ్లుగా వంగనారు, మిరపనారు పోస్తున్న మనిషి. దీపావళికి వచ్చి ట్రేలు చూసింది. వేలితో పైన రాసి, “ఎండిపోనాది రా, నీల్లెట్టు” అంది. నాకూ అలాగే అనిపించింది, పైన లేత గోధుమ రంగు తిరిగి గడ్డిపొడిలా ఉంది. పెట్టాను. మర్నాడు మళ్లీ ఎండిపోయినట్టే ఉంది. మళ్లీ పెట్టాను. ఐదో రోజుకి టమాటా మొలకలు కాండం మొదట్లో దారంలా సన్నబడి ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. అత్త ఒక గడిని ఊడదీసి పిండింది. అరచేతిలో నీళ్లు నిలిచాయి. “ఏట్రా ఇది, పైన మెట్టు, అడుగున పల్లం!” అని నవ్వింది.

మిగతా జిల్లాల వాళ్లు మెట్ట, మాగాణి అనేవాటినే మా వైపు మెట్టు, పల్లం అంటాం. అత్త నవ్వుతూ అన్న ఆ మాటే ట్రే గడికి సరైన వర్ణన. ఆమె కన్ను తప్పు కాదు. నారుమడి మట్టిలో పైన ఎండితే కింద కూడా తడి తగ్గుతోందనే లెక్క, ఆమె అనుభవం అదే. కోకోపీట్ పైపొరలోని రేణువులు గాలికి తొందరగా ఆరిపోయి రంగు మారతాయి. వేలెడు లోతున మాత్రం తడి అలాగే ఉంటుంది. అంటే పైరంగు చూసి నీళ్లు పోసే పద్ధతి మట్టిలో పనికొస్తుంది, పీట్‌లో కొంతవరకు పనికొస్తుంది, కోకోపీట్‌లో పనికిరాదు.

అయితే అడుగున పల్లం ఎందుకు తయారవుతుంది? కన్నం ఉంది కదా, నీళ్లు దిగిపోవచ్చు కదా? దీనికి జవాబు తెలియక నేను కన్నాలు పెద్దవి చేశాను. ఏం మారలేదు. గిన్నెలు తోమే స్పాంజితో అర్థమైంది.

కొత్త స్పాంజి ఒకటి నీళ్లలో ముంచి, పిండకుండా అరచేతి మీద పడుకోబెట్టి పైకెత్తండి. కాసేపు బొట్లు కారి ఆగిపోతాయి. దిగాల్సిన నీళ్లన్నీ దిగిపోయాయనిపిస్తుంది. ఇప్పుడు దాన్ని పిండకుండానే నిలువుగా తిప్పి పట్టుకోండి. మళ్లీ కారడం మొదలవుతుంది. స్పాంజి అదే, దానిలో కన్నాలు అవే, అడుగున అడ్డు ఏమీ లేదు. మారింది ఎత్తు ఒక్కటే. సన్నటి సందుల్లో నీళ్లని పట్టి ఉంచే బలం ఒకటుంది, కిందికి లాగే బరువు ఒకటుంది. నీటి నిలువు ఎత్తుగా ఉంటే బరువు గెలుస్తుంది. పొట్టిగా ఉంటే పట్టు గెలుస్తుంది. కాబట్టి ఏ కుండీలోనైనా అడుగున కొంత మందం, అందులోని మిశ్రమాన్ని బట్టి, నీళ్లు కారకుండా నిలిచిపోతాయి. కుండీ ఎంత ఎత్తుదైనా ఆ మందం మాత్రం మారదు.

లెక్క కోసం ఒక మిశ్రమంలో ఆ తడిపొర రెండు సెంటీమీటర్లు అనుకుందాం. ఇరవై సెంటీమీటర్ల కుండీలో అది పదో వంతు, మొక్క పట్టించుకోదు. నాలుగు సెంటీమీటర్ల లోతున్న ప్రోట్రే గడిలో అదే రెండు సెంటీమీటర్లంటే సగం గడి. చిన్న వేరు దిగేదే అందులోకి. పొలంలో ఈ బాధ లేదు, ఎందుకంటే అక్కడ నేల కింద మళ్లీ నేలే ఉంటుంది, నీటిని కిందికి లాక్కుంటూ పోతుంది. గడి కింద గాలి ఉంది. గాలి నీళ్లని లాగదు.

కుండీ అడుగున గులకరాళ్లు వేస్తే నీళ్లు బాగా దిగుతాయని ఒక నమ్మకం ఉంది. దిగవు. సన్నటి సందుల నుంచి పెద్ద సందుల్లోకి నీళ్లు దూకాలంటే పైనున్న మిశ్రమం ముందు పూర్తిగా నానిపోవాలి. అంటే రాళ్లు వేయడం వల్ల తడిపొర తగ్గదు, రాళ్ల మందాన పైకి జరుగుతుంది. కన్నం మీద పెంకు ముక్క బోర్లించడం వేరు. అది మట్టి జారకుండా ఆపడానికి, దానితో పేచీ లేదు.

పనిచేసేది ఇంకొకటుంది. నీళ్లు పోశాక ట్రేని నాలుగు మడతలు పెట్టిన పాత లుంగీ మీద అరగంట ఉంచండి. గడి అడుగు బట్టకి ఆనాలి. బట్ట దారాల సందులు గడిలోని నీటిని అందుకుని కిందికి లాగుతాయి. మొదటిసారి చేసినప్పుడు కారడం ఆగిపోయిన ట్రే కింద లుంగీ పిండితే నీళ్లొచ్చాయి. నాకు ఆశ్చర్యమే వేసింది.

తడి ఎక్కువైతే వేరుకి వచ్చిన నష్టమేమిటి అంటే, ఊపిరి. వేరు కూడా ఆక్సిజన్ పీల్చాలి. గాలితో పోలిస్తే నీళ్లలో ఆక్సిజన్ కదలిక సుమారు పది వేల రెట్లు నెమ్మది. గడిలో సందులన్నీ నీళ్లతో నిండితే వేరు దగ్గరున్న కాస్త ఆక్సిజన్ అయిపోయాక కొత్తది వచ్చి చేరదు. మన వాతావరణం దీన్ని ఇంకా ముదురుస్తుంది. 10 డిగ్రీల నీళ్లలో లీటరుకి సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల నీళ్లలో ఏడున్నరే. వేడికి వేరు ఊపిరి మాత్రం పెరుగుతుంది. అవసరం ఎక్కువ, సరఫరా తక్కువ. చలిదేశంలో వారం రోజులు ఓర్చుకునే తప్పుని మన దగ్గర నారు రెండు రోజులు కూడా ఓర్చుకోదు.

ఊపిరాడని వేరు నీటిని తాగలేదు. అందుకే నీళ్లలో మునిగిన మొక్క కూడా దాహంతో ఉన్నదానిలాగే తల వేలాడేస్తుంది. ఎక్కువమంది నారు పోగొట్టుకునేది ఈ మలుపులోనే. వడిలింది కదా అని నీళ్లు పోస్తారు, ఇంకా వడులుతుంది, ఇంకా పోస్తారు. వడిలిన మొక్క కనిపిస్తే ముందు ట్రే ఎత్తి చూడాలి. తేలిగ్గా ఉంటే దాహం. బరువుగా ఉంటే మగ్గు పక్కన పెట్టి ట్రేని గాలికి మార్చాలి. దాహం వేసిన మొక్క ఆకు పలచబడి, ముడుచుకుని, నీళ్లు తగలగానే గంటలో లేస్తుంది. మునిగిన మొక్క అడుగు ఆకులు పసుపు తిరుగుతాయి, పొద్దున్నే చూసినా వాలిపోయే ఉంటుంది.

ఆ రెండో ఏడాది నా మొలకల్ని పడగొట్టినది నారుకుళ్లు తెగులు. పిథియం, రైజాక్టోనియా లాంటి బూజు జాతి సూక్ష్మజీవులు దీనికి కారణం. వీటిలో పిథియం నీటిజీవి లాంటిది. దాని బీజాలకి సన్నటి తోకలు ఉంటాయి, సందుల్లోని నీటిపొరలో ఈదుకుంటూ పక్క మొక్కని చేరుతాయి. ట్రే అంతా తడిగా ఉంచితే వాటికి మనమే చెరువు తవ్వి ఇచ్చినట్టు. విత్తనం మొలకెత్తకముందే కుళ్లిపోతే అదీ ఈ తెగులే కావచ్చు. అప్పుడు మనం విత్తనాలు మంచివి కావని అమ్మినవాణ్ణి తిట్టుకుంటాం. కాపర్ ఆక్సీ క్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదళ్లలో పోస్తే పక్క మొక్కలకి పాకడం తగ్గుతుంది. పడిపోయిన మొక్క మాత్రం లేవదు. మందులో కూడా నీళ్లున్నాయని గుర్తుంచుకోవాలి, ఆ రోజుకి అదే తడి.

ఇంతకీ ఎప్పుడు నీళ్లు పెట్టాలి? పూటకోసారా, రోజుకోసారా అని అడిగితే జవాబు లేదు. మన రైతుల దగ్గర మాత్రం ఎప్పటి నుంచో మాట ఉంది: ఆరుతడి. మొక్కజొన్నకీ వేరుశనగకీ కట్టే పద్ధతి అది. వరిలా నీళ్లు నిలగట్టడం కాదు, తడి ఇచ్చి, ఆరనిచ్చి, మళ్లీ తడి ఇవ్వడం. నారుకి కావాల్సింది ఇదే. తడిని ఆరనివ్వడం అంటే నీటిని తగ్గించడం మాత్రమే కాదు, నీళ్లు ఖాళీ చేసిన సందుల్లోకి గాలిని పంపడం. ఎంతవరకు ఆరనివ్వాలన్న దగ్గరే పీట్, కోకోపీట్ విడిపోతాయి. పీట్‌ని పైన లేతరంగు రావడం మొదలవగానే, లోపల ఇంకా తేమ ఉండగానే తడపాలి. అక్కడ దాటిపోతే శనగపిండి కథ. కోకోపీట్‌కి ఆ భయం లేదు, కాబట్టి పైరంగు మారాక కూడా ఒక రోజు ఆగొచ్చు, చాలాసార్లు ఆగాలి.

ఆ హద్దు కనిపెట్టడానికి కన్నుకన్నా చెయ్యి నమ్మకం. ఎండు పీట్ గానీ కోకోపీట్ గానీ దూదిలా తేలిక. ట్రేలో ఉన్న బరువంతా దాదాపు నీటిదే. కాబట్టి బరువు చూడటమంటే నీటిని చూడటమే. నిండుగా తడిపి, కారడం ఆగాక ట్రేని ఒక మూల పట్టి ఎత్తండి. ఆ బరువు చేతికి గుర్తు. మర్నాడు పొద్దున ఎత్తండి. ఆ మర్నాడు ఎత్తండి. సగం అయిందనిపించిన రోజు తడి ఇవ్వాలి. చేతి మీద నమ్మకం లేనివాళ్లు వంటింటి కాటా మీద ఒక పేపర్ కప్పు మొక్కని పెట్టి చూసుకోవచ్చు. నేను మొదటి వారం అలాగే చేశాను. తర్వాత అవసరం రాలేదు. వినడానికి వైద్యంలా ఉంటుంది కానీ గ్యాస్ బండ కదిపి చూసి ఎన్నాళ్లొస్తుందో చెప్పే ప్రతి ఇంట్లోనూ ఈ విద్య ఉంది.

తడి ఇచ్చినప్పుడు మాత్రం నిండుగా ఇవ్వాలి, ప్రతి గడి కిందా చుక్క పడేదాకా. రోజూ గుక్కెడు చొప్పున స్ప్రే బాటిల్‌తో కొట్టడం నాకు నచ్చని అలవాటు. పైన ఎప్పుడూ తడి, అందుకని పాకుడు పట్టి పచ్చబడుతుంది. నల్లటి చిన్న ఈగలు మూగి గుడ్లు పెడతాయి. పీట్‌లో అయితే పైన ఆ షోకు నడుస్తుండగానే మధ్య భాగం ఎండి మొండికేస్తుంది. స్ప్రే పనికొచ్చేది విత్తనం వేసిన దగ్గర్నుంచి మొలక తల ఎత్తేదాకా, ఆ నాలుగైదు రోజులే. ఆ దశ లెక్క వేరు, అప్పుడు పైపొర ఎండితే మొలక ఆగిపోతుంది. అదైనా తప్పించుకోవచ్చు. బెంగళూరు హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ చెప్పే ప్రోట్రే పద్ధతిలో, ముందే సరిగ్గా తడిపిన కోకోపీట్ నింపి, విత్తనం వేసి, ట్రేల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి పాలిథిన్ షీటు కప్పేస్తారు. మొలకెత్తేదాకా నీళ్లే పెట్టరు. నేనూ అదే చేస్తున్నాను. ఒకటే జాగ్రత్త: రోజూ పైకెత్తి చూడాలి. కాలీఫ్లవర్, క్యాబేజీ మూడో రోజుకే లేచిపోతాయి, ఒక్కరోజు ఆలస్యమైతే చీకట్లో సాగిపోతాయి. టమాటాకి వారం, మిరపకి ఇంకాస్త ఎక్కువ.

మొలిచాక కప్పు తీసేయాలి. పారదర్శక ప్లాస్టిక్ మూతలతో ట్రేలు అమ్ముతున్నారు, మొక్క పెద్దయ్యేదాకా మూత ఉంచమని వాటి మీద బొమ్మలు. హీటరు తిరిగే ఇంట్లో గాలి పొడిగా ఉంటుంది, అక్కడ మూత ఉండాలి. అక్టోబరులో ఉప్పు డబ్బాలో ఉప్పు నీరుకారే మన ఇళ్లలో మూతెందుకు? వాయుగుండం పట్టి నాలుగు రోజులు ముసురు వేసిందంటే గాలిలోనే తడి నిండిపోయి ఆకు నీటిని వదల్లేదు. అలాంటి రోజుల్లో మామూలుగా రోజు విడిచి రోజు తడి అడిగే ట్రే నాలుగు రోజులైనా బరువు దిగదు. అప్పుడు చేయాల్సింది ఫ్యాను ఒకటో నంబరులో, మొక్కలు కదిలీ కదలనట్టు తిప్పడం. జనవరిలో పొడిగాలి వీచేటప్పుడు అదే ట్రే రోజూ అడుగుతుంది.

నీళ్లు పైనుంచి పోయాలా, కింది నుంచి పట్టించాలా అన్నదానికి నా ఓటు కిందినుంచే. పళ్లెంలో వేలి మందాన నీళ్లు పోసి ట్రే పెట్టి, పైన రంగు మారగానే తీసేయడం. కాండం తడవదు, లేత మొలక ఒరిగిపోదు. మర్చిపోయి రాత్రంతా పళ్లెంలోనే వదిలేస్తే మాత్రం పల్లం మళ్లీ తయారు. ఇంకో లోపం, ఉప్పు. కిందినుంచి ఎక్కిన నీరు పైన ఆవిరై, దానిలోని లవణాలు పైపొరలో తెల్లగా మిగిలిపోతాయి. బోరు నీళ్లయితే, అందులోనూ సముద్రం దగ్గరి ఊళ్లలో, పది రోజులకే తెల్లటి పెచ్చు కనిపిస్తుంది. వారానికోసారి పైనుంచి రోజ్ క్యాన్‌తో (జల్లెడ మూతి ఉన్న నీళ్ల డబ్బా) ధారాళంగా పోసి ఆ ఉప్పుని కిందికి కడిగేయాలి. కోకోపీట్ తనతో కూడా ఉప్పు తెచ్చుకుంటుంది, కొబ్బరి చెట్టు స్వభావం అది. కడిగినది అని రాసి ఉన్న దిమ్మ కొన్నా సరే, నానబెట్టిన నీళ్లు ఒకసారి పారబోసి మళ్లీ నానబెట్టుకోవడం మంచిది. ఆర్వో మెషిన్ బయటికి వదిలే నీళ్లు పారబోయడానికి మనసొప్పక నారుకి పోసేవాళ్లున్నారు. వడగట్టిన ఉప్పంతా అందులోనే ఉంది, నేల కడుక్కోండి.

పోసేది పొద్దున్నే పోయాలి. సాయంత్రం పోస్తే రాత్రంతా ఆకు మీద, మొదట్లో తడి నిలిచి తెగులుకి దారి ఇస్తుంది. ఎరువు సంగతి క్లుప్తంగా: రెండు విత్తనపు ఆకులున్నంతవరకు మొక్కకి విత్తనంలోని తిండే చాలు. అసలు ఆకులు వచ్చాక నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 ఎరువు లీటరు నీటికి గ్రాము చొప్పున వారానికోసారి, తడి ఇచ్చే రోజునే.

నారు నాలుగో వారానికి వచ్చాక తడికీ తడికీ మధ్య గడువు పెంచుతాను. ట్రేని డాబా మీద నీడలోకి, తర్వాత పొద్దుటి ఎండలోకి మారుస్తాను. కాండం కాస్త ఊదారంగు తిరిగి గట్టిపడుతుంది. ఇక్కడ కూడా పీట్‌తో జాగ్రత్త, గట్టిపరచడం అంటే ఎండగట్టడం కాదు. నాటే రోజు పొద్దున నిండుగా తడి ఇచ్చి, సాయంత్రం ఎండ తగ్గాక తీస్తే గడి ఆకారంలోనే వేళ్లు అల్లుకున్న ముద్ద బయటికి వస్తుంది. వేళ్లు తెల్లగా ఉండాలి. అడుగున గోధుమ రంగు తిరిగి జారిపోతుంటే పల్లం ఎక్కువసేపు ఉందని లెక్క.

నాటేటప్పుడు ఆ ముద్ద పైన అర అంగుళం మట్టి కప్పాలి. పొట్టు అంచు బయటికి కనిపించేలా వదిలేస్తే అది దీపం ఒత్తిలా పనిచేస్తుంది, కిందున్న తడిని పైకి లాగి ఎండకి అప్పజెప్పేస్తుంది. చుట్టూ మడి తడిగానే ఉంటుంది, ముద్ద ఒక్కటే ఎండిపోతుంది. పీట్ ముద్ద అయితే ఒకసారి ఎండాక మడిలో ఎన్ని నీళ్లు కట్టినా పక్క నుంచి జారిపోతాయి. కిందటేడు నాటిన వాటిలో నాలుగు టమాటా మొక్కలు అలాగే పోయాయి. అత్త వేలితో తవ్వి, పొడిగా ఉన్న ముద్దలు నాలుగూ బయటికి తీసి నా చేతిలో పెట్టింది.